స్తూపం దగ్గర పదకొండు రోజుల కాపలా

మొదటి రోజు ఉదయం 0530 గంటలకు పోస్టుకు చేరుకున్నాను. ఆకాశం మబ్బుగా ఉంది. సన్నని తుంపర. గాలి తూర్పు నుంచి. ఇంటి నుంచి పోస్టుకు దూరం మూడు వందల నలభై అడుగులు. ప్రయాణ సాధనం హవాయి చెప్పులు.

నేను సైన్యంలో ఇరవై నాలుగేళ్లు చేశాను. సిగ్నల్స్‌లో వైర్‌లెస్ ఆపరేటర్ని. హవల్దారుగా రిటైరయ్యాను. మీసం మీద ఊపిరి గడ్డకట్టే కొండల్లో రెండు చలికాలాలు గడిపాను. ఆ సంగతి మా ఊళ్లో ఒక్కరూ అడగరు. పెళ్లి భోజనాల దగ్గరైనా, క్షవరం చేయించుకునే చోటైనా అందరూ అడిగేది ఒక్కటే. "ఆ స్తూపం డ్యూటీ సంగతి చెప్పండి సత్యంగారూ." సరే, అదే చెబుతాను. యూనిఫారం వేసుకోని వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెబుతాను.

ముందు రాయి సంగతి. మా ఊరు మండపేటకు ఏడు కిలోమీటర్లు. ఉత్తరాన కాలవ, కాలవ గట్టు మీద నల్లరాతి స్తూపం. ఎత్తు తొమ్మిదడుగులు. ముఖాలు నాలుగు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక తెల్లదొరలు పెట్టించారు. మా ఊరి నుంచి బస్రా దాకా వెళ్లి అక్కడే ఉండిపోయిన వాళ్ల పేర్లు ముందు ముఖం మీద ఉంటాయి. అప్పట్లో ఇక్కడ రోడ్డు లేదు, జనం పడవల్లో వచ్చేవారు. అందుకని ముందు ముఖం కాలవ వైపు పెట్టారు. రెండో యుద్ధంలో బర్మాలో పోయినవాళ్లు కుడి ముఖం మీద. స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్లు వెనక ముఖం మీద. ఎడమ ముఖం ఖాళీ. అది అలాగే ఖాళీగా ఉండాలని మా ఊరి ఆడవాళ్లు దండం పెట్టుకుంటారు.

మూడు పంటలు పండే ఊరు, తిండికి లోటు లేని ఊరు, ఇక్కడి నుంచి ఇంతమంది సైన్యంలోకి ఎందుకెళ్లారని బయటివాళ్లు అడుగుతారు. మా తాత చెప్పిన చరిత్ర ఇది. మొదట ఒకడు వెళ్లాడు. సెలవు మీద బూట్లు వేసుకుని వచ్చాడు. ఆ బూట్లు చూసి మిగతావాళ్లు వెళ్లారు. పుస్తకాల్లో ఇంకోలా రాసి ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం తాత మాట మీదే నమ్మకం. మా ఊళ్లో ఇప్పటికీ ఒక ఆచారం ఉంది. సెలవు మీద వచ్చినవాడు ముందు స్తూపం దగ్గర నిలబడి పేరు, నంబరు చెప్పి, ఆ తర్వాతే ఇంటికి వెళ్లాలి. తల్లి గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నా సరే. నేనూ అలాగే చేశాను. బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోతే, రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచి వచ్చి మరీ చెప్పాను.

ఇప్పుడు కాలవ గట్టు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. స్తూపం అడ్డు. దాన్ని రోడ్డు ఇవతలి వైపు, పంచాయతీ ఖాళీ స్థలంలోకి మార్చాలని కాగితం వచ్చింది. మార్చడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. భయం వేరే. పక్క ఊళ్లో ఇలాంటి పనిలోనే పాత రాతి తొట్టి ఒకటి తెల్లారేసరికి మాయమైంది. ఎవరిని అడిగినా అవతలి వాడిని చూపించారు. అందుకని మా మాజీ సైనికులం తొమ్మిది మందిమి కూర్చుని ఒక నిర్ణయం చేశాం. క్రేను వచ్చి స్తూపాన్ని కొత్త దిమ్మ మీద దించే దాకా రాత్రింబవళ్లు కాపలా. పోస్టు కమాండరు సుబేదారు వెంకట్రావు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. వెంకట్రావు నా భార్య తమ్ముడు. గోదావరి జిల్లాల్లో బావ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కాళ్లకు నీళ్లు ఇవ్వాలి, కుర్చీ వెయ్యాలి, బావ తిన్నాక తినాలి. వాడు ఇంట్లో అవన్నీ చేస్తాడు. కానీ వాడు సుబేదారు, నేను హవల్దారుని. రిటైరయినా ర్యాంకు పోదు. డ్యూటీలో వాడు నాకు సాబ్. మొదటి రోజు 0600 గంటలకు వాడు నన్ను నిలబెట్టి తనిఖీ చేశాడు.

"హవల్దార్, గడ్డం ఎందుకు గీసుకోలేదు?"

"మీ అక్క అద్దం పగలగొట్టింది సాబ్."

"డ్యూటీలో నాకు అక్క లేదు."

ఆ మాట నేను డైరీలో రాసి ఉంచుకున్నాను. తర్వాత పనికొస్తుందని.

నాకు ఇచ్చిన సామాను: గొడుగు ఒకటి, టార్చి ఒకటి, విజిల్ ఒకటి, ఫ్లాస్కు ఒకటి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, దోమల బత్తీలు పది. ఆయుధం తాటి కర్ర. పోస్టు హద్దులు: ఉత్తరాన స్తూపం, కాలవ. మధ్యలో రోడ్డు. దక్షిణాన సొసైటీ వారి ఎరువుల గోడౌను గోడ. ఆ గోడకు ముందు ఖాళీ స్థలం, అందులో కొత్త దిమ్మ. ఆ స్థలానికి తూర్పున టీ కొట్టు. పడమర మంగమ్మత్త ఇల్లు.

బంకరు కట్టాలని సుబేదారు ఆర్డరు వేశాడు. బంకరు అంటే ఇసుక బస్తాల గోడ. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన తొమ్మిది మందికి పది బస్తాల ఇసుక దొరకలేదు. దేనికో పర్మిషన్ కావాలన్నారు. చివరికి మండపేట రైసుమిల్లు నుంచి ఊక బస్తాలు ఊరికే తెచ్చాం. రెండో రోజు సాయంత్రానికి నడుమెత్తు గోడ లేచింది. చూడటానికి బాగానే ఉంది. మిల్లు వాళ్లు ఊకలో తవుడు కలిసిన బస్తాలు కూడా ఇచ్చేశారని మాకు మూడో రోజు తెలిసింది.

మూడో రోజు, 0740 గంటలు. వర్షం ఆగింది. నేను సుబేదారుకు ఫోను చేశాను. ఫోనే అయినా వైర్‌లెస్ పద్ధతిలోనే మాట్లాడాలని ఆర్డరు. వాడు టైగర్. నేను కొబ్బరి.

"టైగర్, టైగర్, ఇది కొబ్బరి. పడమటి గోడ మీద దాడి జరుగుతోంది. ఓవర్."

"కొబ్బరి, ఎవరు? కంట్రాక్టరు మనుషులా? ఓవర్."

"గేదె. బంకరు తినేస్తోంది. ఓవర్."

"తరిమెయ్. ఎవరి గేదె? ఓవర్."

"మీదే సాబ్. ఓవర్."

వాడు "అవుట్" అని ఫోను పెట్టేశాడు. కంచే చేను మేసింది అంటారు చూడండి, అది కళ్లారా చూశాను. నాలుగు బస్తాలు నష్టం. గేదె ఆ పూట పాలు ఎక్కువ ఇచ్చిందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఇక తిండి. మా కుక్ సైన్యంలో పద్దెనిమిదేళ్లు వండాడు. నూట ఇరవై మందికి వండటం తప్ప ఇంకో లెక్క అతనికి రాదు. మొదటి రోజు షిఫ్టులో ఉన్న ముగ్గురికి అతను వండిన పప్పు నాలుగో రోజు దాకా వచ్చింది. "తగ్గించి వండరా" అంటే, "తగ్గిస్తే ఉప్పు అంచనా తప్పుతుందండి" అన్నాడు. నాలుగో రోజు 1230 గంటలకు ఆ పప్పు మూత తీశాం. మళ్లీ మూత పెట్టేశాం. అప్పుడు మంగమ్మత్త గేటు తీసుకుని వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ. పైగిన్నెలో మజ్జిగ పులుసు, కింద గిన్నెలో అన్నం, వేపుడు.

"తినండర్రా. మా ఆయన్ని కాపలా కాస్తున్నారు, మీ కడుపు మాడితే నాకు పాపం" అంది.

మంగమ్మత్త నాకు వరసకు మేనత్త. డెబ్బై దాటింది. భర్త సిపాయి సూర్యారావు. పెళ్లయిన ఏడాదికి డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దులో పోయాడు. ఆ ఏడాదిలో అతను ఇంట్లో ఉన్నది ముప్పై ఎనిమిది రోజులు. శవం రాలేదు. అక్కడే దహనం చేశారని చెప్పారు. ఒక కాగితం వచ్చింది, ఒక ట్రంకు పెట్టె వచ్చింది. కొన్నాళ్లకు స్తూపం వెనక ముఖం మీద పేరు వచ్చింది. వెనక ముఖం అంటే దక్షిణం వైపు, అంటే రోడ్డు అవతలున్న ఆమె అరుగు వైపు. అత్తకు చదువు రాదు. కింది నుంచి మూడో వరస తన భర్తదని ఎవరో చూపించారు. అప్పటి నుంచి ఆ మూడో వరసతో ఆమె కాపురం చేస్తోంది.

కాపురం అని ఊరికే అనడం లేదు. రోజూ 0450 గంటలకు వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడుతూ రోడ్డుకు అడ్డంగా ఆ రాయితో మాట్లాడుతుంది. లారీల చప్పుడుకు గొంతు కొంచెం పెంచుతుంది. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెబుతుంది. ఎవరి కోడలు అలిగి వెళ్లిందో చెబుతుంది. స్తూపం పక్కనే ఉన్న బంకరులో కూర్చుని మేం అంతా విన్నాం. ఇరవై నాలుగేళ్లు సిగ్నల్స్‌లో పని చేశాను, అంత కచ్చితమైన సమాచారం ఎప్పుడూ వినలేదు. మూడో రోజే నా గురించి కూడా రిపోర్టు వెళ్లింది. "ఏవండీ, మీ కాపలాకి సత్యం వచ్చాడండి. మంచివాడే. నిద్రపోతున్నాడు."

ఐదో రోజు 1000 గంటలకు కాకినాడ నుంచి సైటు ఇంజనీరు గారు వచ్చారు. మర్యాదస్తుడు. ప్లాస్టిక్ కవరులోంచి డ్రాయింగు తీసి దిమ్మ మీద పరిచారు. అత్త క్యారేజీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"మా ఆయన ఎటు చూస్తారండి ఇందులో?" అని అడిగింది.

ఆయనకు అర్థం కాలేదు. నేను వివరించాను. ఆయన వేలితో చూపించారు. ముందు ముఖం రోడ్డు వైపు, అంటే ఉత్తరం. వెనక ముఖం దక్షిణం, గోడౌను గోడకు నాలుగడుగుల దూరం. మధ్యలో మురుగు కాలవ. అత్త వాకిట్లోంచి చూస్తే కనిపించేది బర్మా పేర్లున్న ముఖం.

అత్త క్యారేజీ అక్కడ పెట్టి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఖాళీ గిన్నెలు ఇవ్వడానికి వెళితే నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఒరే సత్యం, యాభై ఏళ్లు నా వైపు చూశారురా ఆయన. ఇప్పుడు గోడ వైపు తిప్పి నిలబెడతారా? ఎక్కాలు రాని బడిపిల్లాడిలాగ? ఏం తప్పు చేశారని?"

"వెనక సందులోకి నాలుగడుగులు నడిస్తే కనిపిస్తాడు కదత్తా."

"మొగుడు ఇంట్లో ఉంటే సందులోకెళ్లి పలకరిస్తామేంట్రా?"

ఖాళీ గిన్నెలు ఆమె ముందు పెట్టాను.

"ఒక్క పావు చుట్టు తిప్పమను మీ బావమరిదిని. ఎక్కువ అడగట్లేదు కదా. పావు చుట్టు తిరిగితే నా వైపు చూస్తారు" అంది. ఏడవలేదు. ఆమె ఏడిస్తే నేను తట్టుకునేవాణ్ణి. ఏడవకుండా గిన్నెలు కడగడానికి లేచింది.

ఆ సాయంత్రం 1730 గంటలకు సుబేదారు ఇంటి వసారాలో హాజరయ్యాను. వసారానే హెడ్‌క్వార్టర్స్. ఊరికి ఆ చివర ఉంటుంది. విషయం చెప్పాను. రాతపూర్వకంగా, త్రూ ప్రాపర్ ఛానెల్ రావాలన్నాడు. వెళ్లి అర్జీ రాశాను. అత్త వేలిముద్ర వేసింది. కుక్ సాక్షి సంతకం పెట్టాడు, పసుపు వేలితో. ఆరో రోజు 0800 గంటలకు అర్జీ సమర్పించాను. 0805కు తిరిగి వచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది: ఫ్రంట్ ఈజ్ ఫ్రంట్. నాట్ రికమెండెడ్.

"సాబ్, మనిషి మొహం చూడండి, కాగితం మొహం కాదు" అన్నాను.

"హవల్దార్, ముందు ముఖం మీద మొదటి పేరు ఎవరిది?"

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆ మొదటి పేరు వెంకట్రావు ముత్తాతది. బూట్లతో తిరిగొచ్చిన మొదటి మనిషి ఆయనే. రెండోసారి వెళ్లి తిరిగి రాలేదు.

"నూరేళ్ల పైనుంచి ఆయన వచ్చేవాళ్లకి ఎదురుగా నిలబడ్డాడు. పడవలు పోయి రోడ్డొచ్చింది. అంచేత రోడ్డుకి ఎదురుగా నిలబడాలి. ఆయన్ని పక్కకి తిప్పితే రేపు పైకెళ్లాక నాకు కోర్టు మార్షల్. ఆర్డరు ఆర్డరే."

వాడి మాటలోనూ తప్పు లేదు. అదే నా కష్టం. ఒక పక్క కమాండరు, ఒక పక్క అత్త. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇంటికెళితే మూడో పక్క మా ఆవిడ.

"మీరు గట్టిగా అడగలేదు" అంది.

"నువ్వే అడగవే. నీ తమ్ముడే కదా."

అడిగింది. ఏడో రోజు భోజనానికి పిలిచి, వడ్డిస్తూ అడిగింది. వాడు డ్యూటీలో నాకు అక్క లేదన్నాడు. అది ముందే నా డైరీలో ఉందని చూపించాను. మా ఆవిడ వాడి చేతిలోని నెయ్యి గిన్నె మెల్లగా వెనక్కి తీసుకుంది. డ్యూటీలో ఉన్నవాడికి నెయ్యి ఎవరు వేస్తారంది. వాడు నెయ్యి లేకుండానే తిని లేచాడు. వాడు మెత్తబడలేదు.

విచిత్రం ఏమిటంటే అత్త క్యారేజీ ఆగలేదు. ఎనిమిదో రోజు గుమ్మడికాయ దప్పళం. తొమ్మిదో రోజు పెసరట్లు, అల్లప్పచ్చడి. తిట్టినా బాగుండేది, మానేసినా బాగుండేది. ఆమె వేడి వేడిగా వడ్డించి, "సుబేదారుకి కూడా రెండు పంపండర్రా, అల్లం పడదు కదా వాడికి, వాడికి వేరే చేశాను" అంది. ఆ రెండు నేనే పట్టుకెళ్లాను. వాడు డబ్బా మూత తీసి చూసి, అల్లం లేదని గ్రహించి, చాలాసేపు తినకుండా కూర్చున్నాడు.

పదో రోజు. అల్పపీడనం. తెల్లవారుజాము నుంచి జల్లులు. 0445 గంటలకు సుబేదారు ఆకస్మిక తనిఖీకి వచ్చాడు. మొదటి రోజు తప్ప అంతకు ముందు ఎప్పుడూ తొమ్మిది గంటలు కాకుండా రాలేదు. నేను కుర్చీలో నిద్రపోతున్నాను. దాచడానికేమీ లేదు, నిద్రపోతున్నాను. వాడు విజిల్ నా చెవి దగ్గర పెట్టాడు. ఆ చల్లదనానికి మెలకువ వచ్చింది. సరిగ్గా అప్పుడే రోడ్డు అవతల చీపురు చప్పుడు మొదలైంది. వాడు విజిల్ ఊదలేదు. బంకరు వెనక ఒంగి నిలబడ్డాడు.

"ఏవండీ, లేచారా?" అంది అత్త. రోడ్డు మీద లారీలు లేవు. గొంతు పెంచలేదు. "నాకు నిద్ర పట్టలేదండి. రేపు మిమ్మల్ని ఇటు తెస్తారంట. మంచిదేనండి, దుమ్ము తగ్గుతుంది. కానీ మీ మొహం గోడ వైపంట. అందుకని చెప్పాల్సినవి ఇవాళే చెప్పేస్తున్నాను. తర్వాత కూడా చెప్తాననుకోండి, వెనకనుంచి పిలిచినట్టుంటుంది. వెనకనుంచి పిలిస్తే మీకు నచ్చదు కదా."

చీపురు ఆగింది. మళ్లీ కదిలింది.

"వెంకట్రావు మీద కోపం పెట్టుకోకండి. వాడు చెడ్డవాడు కాదండి. కాగితం మాట వింటాడంతే. మీరూ అలాగే వెళ్లారు. కాగితం వచ్చిందని, అట్లతద్ది రెండు రోజులుందనగా వెళ్లారు. ఉండండి, అట్లు తిని వెళ్లండి అన్నాను. ఆర్డరు ఆర్డరే అన్నారు."

ముగ్గు డబ్బా మూత చప్పుడు.

"అన్నట్టు సత్యం ఇవాళ కూడా నిద్రపోతున్నాడండి. పోనివ్వండి, వయసైపోతోంది."

నేను సుబేదారు మొహం చూడలేదు. చూడకూడదని తెలుసు. వాడు టోపీ తీశాడు. వాన నీళ్లు దులిపాడు. మళ్లీ పెట్టుకున్నాడు. డైరీ తీసుకుని తన చేత్తో ఒక వాక్యం రాశాడు. 0510, తనిఖీ పూర్తయింది, విశేషాలేమీ లేవు. రాసి వెళ్లిపోయాడు. నిద్రపోయినందుకు నాకు శిక్ష పడలేదు.

పదకొండో రోజు. వాన ఆగలేదు. 0915 గంటలకు క్రేను వచ్చింది. నడిపేవాడు, తాళ్లు పట్టే ఇద్దరూ బీహారు వాళ్లు. తెలుగు రాదు, హిందీయే. వాళ్లకు చెప్పాల్సింది సుబేదారే చెప్పాలి. ఇంజనీరు గారు ప్లాస్టిక్ కవరులో డ్రాయింగు పట్టుకుని గొడుగు కింద నిలబడ్డారు. మేం పాత బెరే టోపీలు పెట్టుకుని, మెడల్స్ తగిలించుకుని వచ్చాం. గొడుగులు వద్దని ఆర్డరు. అందరిలోకి పెద్దాయనకు ఎనభై ఒకటి. వినికిడి మిషను తడవకుండా చెవికి పాలిథిన్ చుట్టుకున్నారు.

1020 గంటలకు స్తూపం నేల వదిలింది. నూరేళ్ల పైనుంచి కదలని రాయి గాల్లో వేలాడుతుంటే నాకు భయం వేసింది. ఎంత చిన్నగా కనిపించిందో. రోడ్డు దాటించడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండు వైపులా బస్సులు ఆగాయి. బస్సుల్లోని వాళ్లు దిగి దండం పెట్టారు. ఎవరికి పెడుతున్నారో వాళ్లకు తెలుసని నేను అనుకోను.

1105. స్తూపం కొత్త దిమ్మ పైకి వచ్చింది. సుబేదారును కలిపి తొమ్మిది మంది కదా, మిగతా ఎనిమిది మందిమి రోడ్డు వైపు వరసగా నిలబడ్డాం. స్తూపానికి ఎదురుగా, దక్షిణానికి మొహం పెట్టి. సావధాన్. మంగమ్మత్త ఉదయం నుంచి బయటికి రాలేదు. అప్పుడు వచ్చింది. మా కుడిచేతి వైపు, తన అరుగు మీద. పని మధ్యలో వచ్చినట్టుంది. చీర ఎగదోపుకుని, చేతికి పిండి. గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్కడి నుంచి దిమ్మకు పన్నెండడుగులు.

రాయి దిగుతోంది. మూడడుగులు. రెండు. ఒకటి. డ్రాయింగు ప్రకారం సరిగ్గా వస్తోంది. ముత్తాత పేరు రోడ్డుకు ఎదురుగా.

"రుకో" అన్నాడు సుబేదారు.

క్రేను ఆగింది. వాన చప్పుడు. వాడు ముందు ముఖం మీది మొదటి పేరు వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, ఆ ఒక్కసారే నేను గడియారం చూడటం మర్చిపోయాను. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకుని, తాళ్లు పట్టుకున్న వాళ్లకు వినపడేలా, కవాతు మైదానంలో అరిచినట్టు అరిచాడు.

"దాహినే... ముడ్!"

కుడివైపు తిరగమని. అది రాయికి ఇచ్చిన ఆర్డరు. తాళ్లు పట్టుకున్న వాళ్లు అర్థం చేసుకుని లాగారు. కానీ ఆ మాట చెవిలో పడితే మాజీ సైనికుడి కాలు బుర్రను అడగదు. మడమ తిరిగింది. ఎనిమిది మందిమి ఒక్కసారిగా కుడివైపు తిరిగాం. మా కుక్కుకు మోకాలి చిప్ప మార్చారు, ఆ కొత్త చిప్ప కూడా తిరిగింది. పాలిథిన్ చెవి పెద్దాయన ఒక సెకను ఆలస్యంగా తిరిగారు. తిరిగి చూస్తే ఎదురుగా స్తూపం లేదు. మంగమ్మత్త ఉంది.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. తిరిగిన వరస మళ్లీ ఆర్డరు వచ్చేదాకా అలాగే నిలబడాలి. సుబేదారు మా వైపు చూశాడు. తప్పు చేసింది మేమో తానో ఆలోచించుకున్నాడు. తర్వాత తనూ పడమటికి తిరిగి, "సామ్‌నే సెల్యూట్" అన్నాడు. ఎనిమిది చేతులు లేచాయి. వాడిది తొమ్మిదో చెయ్యి.

మా పక్కన రాయి మెల్లగా తిరిగి దిమ్మ మీద కూర్చుంది. 1112 గంటలు.

ఇంజనీరు గారు బురదలో పరుగెత్తుకుంటూ వచ్చారు. "సార్, ఫ్రంటు పక్కకి తిరిగిపోయిందండి."

"తిరగమన్నాను కదండీ, తిరిగింది."

"డ్రాయింగులో అలా లేదండి."

"తప్పు ఆర్డరు ఇచ్చానండి. ఒకసారి ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకోవడం మా రెజిమెంటులో లేదు. మీ కాగితం మీద బాణం గుర్తు మార్చుకోండి."

ఆయన మా వరసను చూశారు, అరుగును చూశారు. పెన్ను తీసుకుని గొడుగు కిందే మార్చేశారు. చెప్పాను కదా, మర్యాదస్తుడని. ముత్తాత ఇప్పుడు తూర్పుకు తిరిగి టీ కొట్టుకు ఎదురుగా ఉన్నాడు. "మా ఇంట్లో టీ అలవాటు చేసిందే ఆయన" అన్నాడు వెంకట్రావు. ఎవరూ అడక్కుండానే అన్నాడు.

1140 గంటలకు పోస్టు ఎత్తేశాం. మిగిలిన బస్తాలు గేదెకు వదిలేశాం. 1215కు ఇంటికి చేరాను. వెనకే వెంకట్రావు వచ్చాడు. నా కాళ్లకు నీళ్లు ఇచ్చాడు, "కూర్చోండి బావగారూ" అని కుర్చీ వేశాడు. మా ఆవిడ వాడి కంచంలో నెయ్యి గరిటెతో పోసింది. వాడు చాలన్నా ఆపలేదు.

నాకు చాలా గుర్తున్నాయి, కొండలు, మంచు, తిరిగి రాని స్నేహితులు. కొన్నిటిని వయసు చెరిపేస్తోంది. ఒక్కటి మాత్రం పోదు. సెల్యూట్‌లో చూపు తిప్పకూడదు కాబట్టి తొమ్మిది మందిమీ అది చూశాం. అత్త మమ్మల్ని చూడలేదు. ఇన్నాళ్లూ ఆ పేరు ఆమెకు రోడ్డు అవతలే. అది తన గుమ్మానికి పన్నెండడుగుల దూరంలోకి రావడం అదే మొదటిసారి. రాయి తిరుగుతూ కింది నుంచి మూడో వరస ఆమెకు ఎదురుగా వచ్చి ఆగగానే, గబగబా ఎగదోపిన చీర కుచ్చిళ్లు దించుకుంది. పిండి చెయ్యి పమిటకు తుడుచుకుని, నెరిసిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి, కొత్త పెళ్లికూతురిలా తలుపు చాటుకు జరిగి, సగం మొహమే కనపడేలా నిలబడి, చాలా చిన్నగా అంది.

"ఇంత దగ్గరికి వచ్చేశారేంటండీ."